మూల విరిగిన రేకు

విరిగేటప్పుడు అది టప్ అని కూడా అనదు.

అంతకన్నా చిన్న చప్పుడు. ఎండుటాకు మీద పిచ్చుక కాలు పెట్టినంత. చిన్నప్పటి నుంచీ విన్నవాళ్ళకే వినిపిస్తుంది.

నేను విన్నాను. పొయ్యి మీద బోర్లించిన కుండ పక్కన కూర్చుని, అమ్మ చేతుల్లో రేకు విరిగిన ప్రతిసారీ విన్నాను. తెల్లటి బియ్యపు రేకు. ఊపిరి తగిలితే కదిలేంత పలచన. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అవతల అమ్మ ముఖం కనబడేది... పొగకి ఎర్రబడ్డ కళ్ళతో.

మంచి రేకులు పూతరేకులయ్యి ఊళ్ళు తిరిగేవి.

విరిగినవి నావి.

సముద్రం దాటాక కూడా ఆ చప్పుడు వింటానని అనుకోలేదు.

*

ఈ అరబ్బు దేశంలో, విమానాశ్రయం పక్కనే ఉన్న అరాద్‌లో, ఇళ్ళ మీదుగా విమానాలు దిగుతాయి. గ్లాసులో నీళ్ళు వణుకుతాయి. కిటికీ అద్దాలు వణుకుతాయి. కొత్తలో నేనూ వణికాను.

ఆ ఇల్లు పోలండు వాళ్ళది. సార్ ఓడలు బాగుచేసే యార్డులో ఇంజనీరు. మేడమ్ పేరు బొజేనా. పిల్లలిద్దరు — ఏడేళ్ళ జోషా, నాలుగేళ్ళ స్తాష్. వాళ్ళని చూసుకోవడానికి వచ్చినదాన్ని నేను. సత్యదుర్గని. ఆ ఇంట్లో దుర్గని.

పాస్‌పోర్టులో నాకు ఇరవై ఆరేళ్ళు.

నా డైరీలో పదిహేడు.

నేను ఎక్కువ మాట్లాడను. ఊళ్ళో బడిలోనూ అంతే. జవాబు తెలిసినా చెయ్యి ఎత్తేదాన్ని కాదు. పక్కపిల్ల చెప్పాక, నాకూ తెలుసు అని నోట్సు చివర రాసుకునేదాన్ని. ఇక్కడికొచ్చాక నోరు ఇంకా చిన్నదైంది. మేడమ్ ఇంగ్లీషు, నా ఇంగ్లీషు — రెండూ పొట్టి మాటలే. పాలు. స్నానం. జాగ్రత్త. రేపు. ఒక్కో మాటకీ మధ్య బోలెడంత ఖాళీ. ఆ ఖాళీలో ఇద్దరం నవ్వేవాళ్ళం.

పిల్లలతో మాత్రం తెలుగే.

ఇసుకలో గవ్వలు ఏరుకున్నట్టు నా దగ్గర తెలుగు ఏరుకున్నారు. నిద్ర లేవగానే స్తాష్ "ఎత్తుకో" అంటాడు. కోపం వస్తే జోషా "పోవే" అంటుంది, అచ్చం మా వీధిలో పిల్లలాగే. మేడమ్‌కి అర్థం కాదు. అది ఆ ఇంట్లో మా ముగ్గురికే తలుపున్న ఇంకో ఇల్లు.

*

తొంభై ఆరు డిసెంబరు. చలిగాలి మొదలైంది. సముద్రం బూడిదరంగుకి తిరిగింది.

ఒక కవరు వచ్చింది.

దాని మీద ముసలి చేతిరాత. అక్షరాలు వంకరగా, కొండెక్కుతున్నట్టు. మేడమ్ కవరు విప్పారు. చదవక ముందు వాసన చూశారు. లోపల ఉత్తరం ఒకటి, దాని మడతలో ఇంకొకటి...

పోస్టుకార్డుకన్నా కాస్త పెద్దది. తెల్లనిది. పలచనిది.

రేకు!

దాని మీద నొక్కిన బొమ్మ — పశువుల కొట్టంలో తల్లి, బిడ్డ, పైన నక్షత్రం. రంగు లేదు. తెలుపు మీద తెలుపు. వేలితో తడిమితేనే తెలుస్తుందేమో అనిపించింది. ఒక మూల విరిగి ఉంది. అయ్యో, పోస్టులో విరిగిపోయిందనుకున్నాను.

మేడమ్ ఆ విరిగిన మూలని పెదాలకి ఆనించుకున్నారు. మళ్ళీ కవరులో పెట్టి అద్దాల అలమారాలో పైఅరలో నిలబెట్టారు.

దానికి వాళ్ళ భాషలో ఏదో పేరుంది. నాకు నోరు తిరగలేదు.

అదేమిటని ఆవిడ చెప్పలేదు. నేను అడగలేదు.

ఇంతే. మొత్తం తప్పంతా ఇక్కడే ఉంది. అడగకపోవడంలో.

*

పండగకి వారం ముందు నుంచి ఇంట్లో కొత్త కొత్త వాసనలు. ఎర్ర దుంపల్ని నీళ్ళలో పులియబెట్టారు. ఎండు పుట్టగొడుగులు నానబెట్టారు. మేడమ్‌కి ఎండుగడ్డి కావాలట — భోజనాల బల్ల మీద దుప్పటి కింద పరచడానికి. ఎడారిలో గడ్డి! సార్ జిదాఫ్స్ బజారుకి వెళ్ళి, మేకల కోసం అమ్మే గడ్డి మోపు తెచ్చారు. మేడమ్ ఒక పరక నలిపి వాసన చూశారు. ఇది కాదు అన్నట్టు తల ఊపారు. కానీ దాచుకున్నారు.

వాళ్ళ ఊళ్ళో ఇప్పుడు మంచు పడుతుందని జోషా చెప్పింది. మంచు చూశావా అని అడిగాను. ఫొటోలో చూశానంది.

ఆ పిల్ల పుట్టిన ఊరు ఆ పిల్లకి ఫొటో.

ఫోను రావడం మొదలైంది అప్పుడే.

ఫోను మోగితే మేడమ్ చేతిలో ఉన్నది ఎక్కడిదక్కడ వదిలేసి పరుగెత్తేవారు. వాళ్ళ తమ్ముడు. అక్కడ అమ్మకి ఒంట్లో బాగాలేదు. ఆస్పత్రిలో పెట్టారట, జోషా చెప్పింది. ఫోనులో మాటలు నాకు అర్థమవలేదు. ఆవిడ వీపు అర్థమైంది. ఫోను పెట్టేశాక స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పుకునేవారు. నీళ్ళ చప్పుడు చాలాసేపు...

నేనూ అంతే చేస్తాను. అమ్మ ఉత్తరం వచ్చిన రోజున.

*

ఇరవై మూడో తేదీ. సార్, మేడమ్ టిక్కెట్ల కోసం మనామా వెళ్ళారు. పొద్దున వెళ్ళినవాళ్ళు మధ్యాహ్నం దాటినా రాలేదు.

పిల్లలు ఏడుపు మొదలెట్టారు. ముందు స్తాష్. వాణ్ణి చూసి జోషా.

"బాబ్చా కావాలి" అని ఏడ్చారు. బాబ్చా అంటే అమ్మమ్మ. రెండేళ్ళయింది చూసి. స్తాష్‌కి ఆవిడ ముఖం గుర్తుండదు. అయినా ఏడ్చాడు, అక్క ఏడుస్తోంది కాబట్టి.

జోషా కుర్చీ లాక్కుని ఎక్కింది. అలమారా తెరిచింది. కవరు తీసి నా ఒళ్ళో పెట్టింది.

"బాబ్చా పంపింది. తినేది."

"తినేదా?"

"తినేదే. అందరూ తింటారు."

తీసి చూశాను. వేళ్ళకి తెలిసిపోయింది. నాకన్నా ముందు నా వేళ్ళకి. అదే తేలిక. అదే పొడి. ఏడాదిన్నర తర్వాత నా చేతిలో ఒక రేకు...

పక్కింటి సూర్యావతి పిన్ని ఇచ్చిన నెయ్యి సీసా నా పెట్టెలో ఉంది. పంచదార పొడి చేశాను. చేతులు వాటంతటవే నడిచాయి. తడివేలితో రేకుని మెత్తబరచడం. నెయ్యి రాయడం. పొడి చల్లడం. అటు మడత, ఇటు మడత. మడతలోకి తల్లి వెళ్ళింది. బిడ్డ వెళ్ళాడు. నక్షత్రం చివరగా వెళ్ళింది.

మూడు ముక్కలు.

స్తాష్ కళ్ళు పెద్దవి చేశాడు. జోషా వేళ్ళు నాకింది. నేను కళ్ళు మూసుకున్నాను. నాలుక మీద అది కరిగింది. అమ్మ, పొగ, కొబ్బరాకుల మంట, కాలవ గట్టు... అన్నీ ఒక్క క్షణం ఉండి కరిగాయి.

"ఇంకోటి పెట్టు, దుర్గా!"

ఇంకోటి లేదురా నాన్నా. ఒక్కటే.

ఏడుపు ఆగింది. ఇల్లంతా నవ్వు. ఖాళీ కవరుని మళ్ళీ పైఅరలో నిలబెట్టాను.

*

టిక్కెట్లు దొరకలేదు.

ఇరవై నాలుగు పొద్దున్నే మేడమ్ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. మొదటిసారి. ఆవిడ కళ్ళ కింద నీలం. పొట్టి మాటలు ఒక్కొక్కటే ఏరి నా ముందు పెట్టారు.

"ఇవాళ. మొదటి నక్షత్రం. అప్పటిదాకా తిండి లేదు. నక్షత్రం వచ్చాక... కవరు. మా అమ్మ పంపింది. ఒకటే. ఒకరి చేతిలోది ఒకరు విరుచుకుంటాం. క్షమించు అంటాం. బాగుండు అంటాం. తర్వాతే భోజనం."

అలమారా వైపు చూశారు.

"నేను వెళ్ళలేను. అదొక్కటే మా అమ్మ. ఇక్కడ."



చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. తినేశాం మేడమ్ — రెండే మాటలు. ఇంగ్లీషులోనూ వచ్చు నాకు.



ఆవిడ నా చెయ్యి తట్టి లేచారు.

*

పెరటి గోడ అవతల సూర్యావతి పిన్ని బట్టలు ఆరేస్తోంది. రాజోలు దగ్గర ఊరు ఆవిడది. పన్నెండేళ్ళుగా ఇక్కడే. నన్ను ఇక్కడికి తెచ్చింది ఆవిడే.

చెప్పాను. వింటూ వింటూ నోటి మీద చెయ్యేసుకుంది.

"ఓసి నీ దుంపదెగ! దేవుడి దగ్గరెట్టేదాన్ని నెయ్యేసుకు తినేసేరా?"

"రేకనుకున్నాను, పిన్నీ."

"అనుకుంటావ్. తెల్లగా కనపడిందల్లా రేకే అనుకుంటావ్."

"చెప్పేస్తాను పిన్నీ..."

"చెప్పు. చెప్పి పెట్టె సద్దుకో. తల్లి సావుబతుకుల్లో ఉంటే ఎవత్తయినా ఊరుకుంటదా? నీ కాయితంలో వయసేటో, నువ్వేటో... ఎనక్కి పంపితే ఎవరికి సెప్పుకుంటావ్?"

తడి చీర దులిపింది. తుంపర్లు నా ముఖం మీద పడ్డాయి. గొంతు తగ్గించింది.

"రేకులు తీసేదాని కూతురివి కాదేంటే నువ్వు? ఆవిడెళ్ళి తానం చేసేలోపు ఒకటి తీసి పడెయ్యి. తెలుపుకి తెలుపు. దీపాల ఎలుగులో ఎవడు సూత్తాడు?"

గోడ మీంచి బియ్యం మూట అందించింది. మన బియ్యం. దాచుకున్న బియ్యం.

*

నానబెట్టాను. మిక్సీలో రుబ్బాను. పాలలా పలచన చేశాను. కుండ లేదు — అల్యూమినియం గిన్నె బోర్లించాను. గుడ్డ లేదు — నా పాత ఓణీ చింపాను.

మొదటిది జారిపోయింది.

రెండోది మాడింది. మూడోది అంటుకుంది. నాలుగోది చిల్లులు.

అమ్మా, గిన్నె వేడి ఎంత ఉండాలే? నువ్వెప్పుడూ చెప్పలేదు. ఉమ్మి తగిలిస్తే సుయ్ మనాలి అన్నావు. ఎంతసేపు సుయ్ మనాలో చెప్పలేదు. నేను అడగలేదు...

మధ్యాహ్నం మూడు. మేడమ్ స్నానాలగదిలో కుళాయి చప్పుడు. సార్ చేపకోసం బయటికి వెళ్ళారు.

పదకొండోది వచ్చింది.

గుడ్డ వెనకే పొరలా లేచి వచ్చింది. తెల్లగా. వెలుతురుకి ఎత్తి పట్టాను. అవతల ఎవరి ముఖమూ లేదు. కిటికీ, కిటికీలో దిగుతున్న విమానం.

కత్తెరతో కవరుకి సరిపడా కత్తిరించాను. బొమ్మ లేదు. తల్లి లేదు, బిడ్డ లేడు. ఏం చెయ్యను? తెలుపుకి తెలుపు అంది కదా పిన్ని.

అప్పుడు గుర్తొచ్చింది — మూల.

అసలుదానికి ఒక మూల విరిగి ఉంది.

వేలూ బొటనవేలూ కలిపి విరిచాను. టప్ అని కూడా అనలేదు. రేకుని కవరులో పెట్టి అలమారాలో నిలబెట్టాను. చేతిలో మిగిలిన ముక్కని ఏం చెయ్యాలో తెలియక నోట్లో వేసుకున్నాను.

అలవాటు. విరిగినవి నావి.

*

పిల్లలు మేడ మీద నక్షత్రం కోసం చూస్తున్నారు. పొద్దున్నుంచీ సరిగ్గా తినలేదు. పడమర ఆకాశం దానిమ్మ తొక్కలా ఉంది. మసీదు నుంచి నమాజు పిలుపు వచ్చింది. దూరంగా సిత్రా వైపు, నూనె శుద్ధిచేసే చోట గొట్టం చివర ఎర్రటి మంట.

"నక్షత్రం!" అన్నాడు స్తాష్.

అది విమానం. ఎర్రగా, ఆకుపచ్చగా ఆర్పుకుంటూ మా మీదుగా దిగిపోయింది.

"నక్షత్రం!"

అదీ విమానమే.

ఆలస్యంగా రా, అని మొక్కుకున్నాను. ఇవాళ మబ్బు పట్టనీ. ఇవాళ నువ్వు రాకు.

జోషా నా కొంగు పట్టుకుంది. గట్టిగా. నిన్న తిన్నది ఏమిటో ఆ పిల్లకి ఇవాళ పొద్దున, వాళ్ళమ్మ నాకు చెబుతుంటే విని తెలిసింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

విమానాశ్రయానికి పైన, ఒక చుక్క కదలకుండా నిలబడింది.

వచ్చింది.

*

బల్ల మీద తెల్లటి దుప్పటి. దాని కింద మేకల గడ్డి, ఉబ్బెత్తుగా. ఎర్రటి చారు. వేయించిన హమూర్ చేప. మనుషులు నలుగురు, పళ్ళాలు ఐదు. లెక్క తప్పిందనుకుని ఒకటి తీయబోయాను. మేడమ్ నా చెయ్యి ఆపారు.

"ఎవరైనా వస్తే" అన్నారు.

నేను వంటగది గుమ్మంలో నిలబడ్డాను. హాల్లో ఫోను పక్కన దీపం వెలిగించి ఉంది. నక్షత్రం వేళకి ఆస్పత్రి నుంచి ఫోన్ చేయిస్తానని తమ్ముడు అన్నాడట. అమ్మ మాట్లాడగలిగితే.

సార్ దేవుడి పుస్తకం చదివారు. అయింది. మేడమ్ కవరు తీసుకున్నారు.

బయటికి తీశారు.

ఆవిడ బొటనవేలు రేకు మీద నెమ్మదిగా జరిగింది... బొమ్మ ఉండాల్సిన చోటికి.

ఆగింది.

మళ్ళీ జరిగింది. మళ్ళీ ఆగింది.

నా వైపు చూడలేదు. ఎవరి వైపూ చూడలేదు. కొవ్వొత్తి మంట నిటారుగా ఉంది.

తర్వాత బొటనవేలు విరిగిన మూల మీదికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. ఆ మూలని పిల్లలకి చూపించి వాళ్ళ భాషలో ఏదో చెప్పారు. అలాంటప్పుడు జోషా నాకు తెలుగులో చెప్పడం అలవాటు. ఇప్పుడూ చెప్పింది, తల దించుకుని —

"ఈ ముక్క బాబ్చా తింది. అక్కడే. పోస్టులో వెయ్యక ముందు. మాతో కలిసి తిన్నట్టు."

పోస్టులో విరగలేదు.

పోస్టులో విరగలేదు...

నా నోట్లో ఇంకా బియ్యప్పిండి రుచి. నాలుక ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎవరో ముసలావిడ, మంచు పడే ఊళ్ళో, వణికే చేతులతో విరుచుకున్న మూల. ఆవిడ వంతు. ఆ వంతు నేను తిన్నాను. గిన్నె పక్కన నిలబడి. అలవాటుగా.

సార్ ఒక తునక విరుచుకున్నారు. మేడమ్ నుదుటి మీద ముద్దుపెట్టుకుని ఏదో అన్నారు. జోషా విరుచుకుంది, తినకుండా గుప్పిట్లో దాచుకుంది. స్తాష్ నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. ముఖం చిట్లించి నా వైపు తిరిగాడు.

"నెయ్యేదీ, దుర్గా? పంచదారేదీ? నిన్నటిదే బావుంది!"

సార్ నవ్వారు. ఏమంటున్నాడని జోషాని అడిగారు.

మొదటిసారి ఆ పిల్ల తెలుగు మరిచిపోయినట్టు కూర్చుంది.

మేడమ్ నా వైపు తిరిగారు.

"ఏమంటున్నాడు?"

స్వీటు అడుగుతున్నాడు అంటే సరిపోతుంది. అది అబద్ధం కూడా కాదు. అందరూ నవ్వుతారు. చారు చల్లారకముందే తింటారు. నా పెట్టె మంచం కిందే ఉంటుంది. రేపు మళ్ళీ పాలు, స్నానం, జాగ్రత్త.

మేడమ్ ఎదురుచూస్తున్నారు. బొటనవేలు ఇంకా ఆ మూల మీదే ఉంది.

అది వాళ్ళ అమ్మ అనుకుని.

లేక... అనుకోక.

చెయ్యి ఎత్తాను. బడిలో ఏనాడూ ఎత్తని చెయ్యి. ఎందుకు ఎత్తానో తెలియదు, మాట రావడానికి ముందు చెయ్యి లేచింది.

"అది నేను చేశాను, మేడమ్. ఇవాళ. బియ్యంతో."

అప్పటిదాకా మేడమ్‌తో నేను పలికిన మాటల్లో అన్నిటికన్నా పొడవైంది అదే.

విమానం వెళ్ళింది. గ్లాసుల్లో నీళ్ళు వణికాయి. ఆగాయి.

"మా అమ్మది?"

"తినేశాం. నిన్న. పిల్లలు ఏడ్చారు. నేనూ తిన్నాను. మా ఊళ్ళో అలాంటిది... స్వీటు, మేడమ్. తెలియదు నాకు."

ఆవిడ చేతిలోది కొవ్వొత్తికి అడ్డంగా పట్టుకున్నారు. వెలుతురు దానిగుండా వచ్చింది. అవతల వైపు నుంచి ఆవిడ ముఖం కనబడింది నాకు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొగ లేకుండానే.

"మరి... ఈ మూల?"

జవాబు తెలుసు. వేలెత్తి నా నోరు చూపించాను.

అప్పుడు ఫోను మోగింది.

సార్ లేవబోయారు. మేడమ్ చేత్తో ఆపారు. రెండోసారి మోగింది. జోషా గుప్పిట తెరుచుకుంది. మూడోసారి. మేడమ్ లేచి, ఆ రేకు పట్టుకునే హాల్లోకి నడిచారు. నన్ను దాటుతూ ఆగలేదు. ఆవిడ గౌను అంచుకి గడ్డిపరక ఒకటి అంటుకుని ఉంది.

ఫోను తీశారు.

ఒక్క మాట అన్నారు. ఏ భాషలోనైనా తెలిసే మాట — అమ్మా. తర్వాత ఏమీ అనలేదు. వింటున్నారు. లేక, అటువైపు ఎవరూ మాట్లాడటం లేదు. ఎప్పుడూ నాకు అర్థమయ్యే ఆ వీపు, ఆ సాయంత్రం అర్థమవలేదు.

ఎడమచేతిలో ఫోను.

కుడిచేతిలో మూల విరిగిన రేకు, పక్కకి వేలాడుతూ.

చూస్తుండగా ఆ వేళ్ళు కదిలాయి. తన వంతు విరుచుకుంటున్నారో, నలుపుతున్నారో — వెనకనుంచి తెలియలేదు.

టప్ అని కూడా అనలేదు.

నేను విన్నాను.